మొక్క వేరు, ఎక్స్‌ట్రాక్ట్ వేరు

"మొక్కల్లోంచి తీసిందే కదరా, ఏం కాదులే" అని మా పెద్దక్క ఫోన్‌లో అన్నప్పుడు నాకు నిజంగా భయమేసింది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు వేసుకుంటే లివర్ పాడైపోద్దని ఎవరో చెప్పారంట, డాక్టర్ రాసిచ్చిన బిళ్ళ ఆపేసి మూడు నెలల్నుంచీ రెడ్ ఈస్ట్ రైస్ క్యాప్సూల్స్ మింగుతోందంట. అక్కా, ఆ సీసా ఓసారి కెమెరాకి దగ్గరగా పెట్టు అన్నా. లేబుల్ మీద కింద ఎక్కడో సన్నక్షరాల్లో "మొనాకోలిన్ కె" అనుంది. అదే లోవాస్టాటిన్. 1987లో అమెరికాలో మొట్టమొదట పర్మిషన్ వచ్చిన స్టాటిన్ ఏదో, అణువు పొల్లుపోకుండా ఇదీ అదే, పైగా రెడ్ ఈస్ట్ రైస్ అంటే మొక్క కూడా కాదు, బియ్యం మీద పెంచే ఒక రకం బూజు. అంటే అక్క స్టాటిన్ మానలేదు, ఎంత డోసు పడుతోందో తెలీని స్టాటిన్ వేసుకుంటోంది, అదీ డాక్టర్‌కి తెలీకుండా.

నా ఉద్దేశంలో ఒంట్లో కొలెస్ట్రాల్‌ని మార్చగలిగింది ఏదైనా మందే, దాన్ని మందులాగే చూడాలి. మార్చలేనిదాన్ని మింగడం ఎందుకు? గుగ్గులు ఎక్స్‌ట్రాక్ట్‌నే తీసుకోండి, 2003లో వచ్చిన ట్రయల్‌లో అది వాడినవాళ్ళకి ఎల్‌డీఎల్, అంటే చెడ్డ కొలెస్ట్రాల్, తగ్గకపోగా కొంచెం పెరిగింది.

లివర్ సంగతి ఇంకా బాధ. పసుపునే చూడండి, అందులో ఉండే కర్క్యుమిన్ మామూలుగా ఒంటికి సరిగ్గా పట్టదు, అలా పట్టకపోవడమే ఒక రకంగా మనకి రక్ష. క్యాప్సూల్ చేసేవాళ్ళు దాన్ని గాఢంగా తీసి, మిరియాల్లోని పైపరిన్ కలుపుతారు, ఆ పైపరిన్ ఏం చేస్తుందంటే కర్క్యుమిన్‌ని విరగ్గొట్టి బయటికి పంపే పనిని లివర్‌లోనూ పేగుల్లోనూ నెమ్మది చేస్తుంది, దాంతో రక్తంలోకి వెళ్ళేది ఎన్నో రెట్లు పెరుగుద్ది. కొంతమందికి కామెర్లు వచ్చి హాస్పిటల్‌లో చేరింది ఇలాంటి సీసాల వల్లే. తిప్పతీగతో కూడా లివర్ దెబ్బతిన్న కేసులు రిపోర్ట్ అయ్యాయి. గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ అయితే అందులోని ఈజీసీజీ అనే పదార్థం రోజుకి 800 మిల్లీగ్రాములు, ఆ పైన పడితే లివర్ ఎంజైమ్స్ పెరగొచ్చని యూరప్ ఫుడ్ సేఫ్టీ వాళ్ళు 2018లోనే చెప్పారు. లివర్ టానిక్ అంటే అందరూ చెప్పే సిలిమరిన్‌ని (మిల్క్ థిసిల్ అనే మొక్క గింజల సారం) హెపటైటిస్ సి ఉన్నవాళ్ళకి ఎక్కువ డోసులో ఇచ్చి చూశారు, 2012లో రిజల్ట్ వచ్చింది, మందేమీ లేని ఉత్తి బిళ్ళ కంటే మెరుగ్గా ఏం చెయ్యలేదు.

మొక్కలన్నీ వేస్ట్ అని నేనట్లేదు. ఇసబ్గోల్ పొట్టు పనిచేస్తుంది, అది పేగుల్లోనే ఉండి పైత్య రసాన్ని పట్టుకుని బయటికి లాక్కుపోతుంది, మళ్ళీ పైత్యం తయారుచేసుకోడానికి లివర్ రక్తంలోని కొలెస్ట్రాల్‌ని తీసుకుంటుంది. ప్లాంట్ స్టెరాల్స్, అంటే మొక్కల్లో ఉండే కొలెస్ట్రాల్ లాంటి పదార్థాలు, రోజుకి 2 గ్రాములు తీసుకుంటే ఎల్‌డీఎల్ ఓ 8, 10 శాతం తగ్గుద్ది. ఈ రెండిట్లో రక్తంలోకి వెళ్ళేది దాదాపు ఏం ఉండదు, అందుకే నాకు వీటి మీద నమ్మకం. అయినా స్టాటిన్ అవసరమైనవాళ్ళకి ఇవి దాని బదులు సరిపోవు.

అక్కతో ఆ రాత్రి గంటసేపు మాట్లాడా. పేరు చెప్తే చాలదు, సీసాలన్నీ సంచిలో వేసుకెళ్ళి డాక్టర్ టేబుల్ మీద పెట్టు అన్నా. నిన్న వెళ్ళింది. క్యాప్సూల్స్ ఆపించి, లివర్ టెస్ట్‌కి రక్తం తీశారంట, రిపోర్ట్ కోసం చూస్తున్నాం.