బండెక్కిన బండి గారికి

మహారాజశ్రీ అడ్వెంచర్ మోటార్‌సైకిల్ గారి దివ్య సముఖానికి, కొంపల్లి నుంచి తమరి ఓనరు గారి బామ్మర్ది నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ అందరం క్షేమం, నా నడుం తప్ప. తమరి క్షేమం అడగక్కర్లేదు. లద్దాఖ్ యాత్రకని ఎక్కించిన పికప్ వెనక నాలుగు బెల్టుల మధ్య కదలకుండా కందకుండా ఉన్నారని బావ వాట్సాప్ స్టేటస్‌లో గంట గంటకూ చూస్తూనే ఉన్నాం.

ఓడలు బళ్ల మీదికి, బళ్లు ఓడల మీదికి వస్తాయని పెద్దలు చెప్పారు. బళ్లు బళ్ల మీదికి ఎక్కుతాయని మాత్రం చెప్పలేదు. పాపం వాళ్లకి ఈఎంఐలు తెలియవు.

తమరి జాతకం మా ఇంట్లో పిల్లలకి కూడా కంఠతా వచ్చు. కొనేముందు బావ అన్నం దగ్గర కూర్చుని కూడా అదే చదివి వినిపించేవాడు. 452 సీసీ ఇంజిన్. 196 కిలోల బరువు. 17 లీటర్ల ట్యాంకు. ముందు 21 అంగుళాల చక్రం. నేలకీ తమరి పొట్టకీ మధ్య 230 మిల్లీమీటర్ల ఖాళీ. పేరే హిమాలయన్. "రాళ్లూ రప్పలూ, వాగులూ వంకలూ... ఎక్కడికైనా పోతుందిరా" అన్నాడు. నమ్మాం. తమరిని మోస్తున్న ఇసుజు వీ-క్రాస్ కూడా తక్కువ వంశంలో పుట్టలేదు. మన తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారైంది. నాలుగు చక్రాలకూ శక్తి అందుతుంది, బురదలో దిగబడితే లేవడానికి లో రేంజి గేరు ఉంది. అదీ ఎక్కడికైనా పోతుంది. ఎక్కడికైనా పోయే బండి మీద ఎక్కడికైనా పోయే బండిని ఎక్కించుకుని మా బావ, ఆ పికప్ ఓనరైన ఆయన స్నేహితుడు ఇప్పుడు పోతున్నది 44వ నంబరు జాతీయ రహదారి మీద.

ఆ రోడ్డు గురించి తమరికి తెలియదేమో, చక్రం ఆనలేదు కదా. కన్యాకుమారి నుంచి శ్రీనగర్ దాకా 4,112 కిలోమీటర్లు. మా సందు చివర ఎక్కితే చాలు, నంబరు మారకుండా శ్రీనగర్‌లో దింపుతుంది. నున్నటి తారు, మధ్యలో డివైడరు, పక్కన టీ కొట్లు. వీ-క్రాస్‌లో ఆ ఫోర్‌బైఫోర్ నాబ్, వెనక రెండు చక్రాలకే శక్తి పంపే టూ-హై దగ్గర నుంచి ఇంతవరకూ కదలలేదట. టోల్‌గేటు దగ్గర దానితో పనేముంది? నాగపూర్ దాటాక పెంచ్ అడవిలో ఇదే రోడ్డు కింద జంతువుల కోసం దారులు కట్టారు. అక్కడ కింద పులులు తమ కాళ్ల మీద తాము నడిచి దాటుతాయి. పైన తమరు ఇంకొకరి చక్రాల మీద దాటుతారు.

ఇక తమరిని ఎక్కించిన వైనం. దీన్ని కాస్త వివరంగానే రాయాలి, ఎందుకంటే బావ స్టేటస్ వీడియోలో ఆ ముక్క మొత్తం కత్తిరించేశాడు.

పికప్ బెడ్డు పొడవు మీటరున్నర. తమరి పొడవు రెండుంపావు మీటర్లు. ఈ తీసివేత లెక్క కొన్నప్పుడు ఎవరూ చెయ్యలేదు, ఎక్కించే రోజు పొద్దున కాలనీ మొత్తం చేసింది. వెనక డోరు తెరిచే ఉంచాలి, తమరి వెనక చక్రం దాని మీద కూర్చోవాలి అని తేలింది. ఆన్‌లైన్‌లో ఆర్డరిచ్చిన అల్యూమినియం ర్యాంపు "ఔట్ ఫర్ డెలివరీ" అంటూ ఊళ్లోనే తిరుగుతోంది. పక్క సైట్‌లోంచి సెంట్రింగ్ చెక్క ఒకటి తెచ్చాం. అరగంటలో ఇచ్చేస్తామని మేస్త్రికి మాటిచ్చాం.

ఇంజిన్ స్టార్ట్ చేసి, మొదటి గేరులో, సగం క్లచ్ మీద, పక్కన నడుస్తూ ఎక్కించాలని వీడియోల్లో చూపిస్తారు. పక్కన నడిచే మనిషి ఏ చెక్క మీద నడవాలో మాత్రం చూపించరు. చెక్క సగానికి వచ్చేసరికి హ్యాండిల్ పైకి పోతూనే ఉంది, బావ నేల మీదే ఉండిపోయాడు. భుజాల ఎత్తు దాకా హ్యాండిల్ వదల్లేదు, అందుకు మెచ్చుకోవాలి. ఆ సమయంలో వెనక చక్రం దగ్గర ఉన్నది నేను. "ఏరా, ఒక్క చెయ్యి వెయ్యి" అంటే వేసినవాడిని. 196 కిలోలు వెనక్కి రావాలనుకున్నప్పుడు ఒక్క చెయ్యి ఏ మూలకి సరిపోతుందో తమరే చెప్పాలి.

అప్పుడు సలహాలు మొదలయ్యాయి. వాచ్‌మన్ రానీ రానీ అంటాడు, ఇస్త్రీ బండి ఆయన ఆపు ఆపు అంటాడు. మూడో అంతస్తు అంకుల్ బాల్కనీలోంచి, గేరు తీసి న్యూట్రల్‌లో పెట్టమంటాడు. న్యూట్రల్‌లో పెట్టి ఉంటే ఈ ఉత్తరం ఆసుపత్రి నుంచి రాసేవాణ్ని.

బెల్టులు కట్టడంలో బావకి యూట్యూబ్ పాండిత్యం ఉంది. అందులో నిజముందని ఒప్పుకోవాలి. కొక్కేలు హ్యాండిల్ చివర్లకి తగిలించకూడదు, ముందు చక్రాన్ని మోసే ఫోర్కులను పట్టి ఉంచే కింది క్లాంపుకి మెత్తటి లూపులు వేసి, అక్కడి నుంచి లాగాలి. ముందు రెండు బెల్టులూ కిందికీ పక్కకీ ఏటవాలుగా పోవాలి. ఫోర్కు సుమారు సగం అణిగేదాకా బిగించాలి. లేదంటే గుంతలో ఫోర్కు కుంగిన క్షణంలో బెల్టు వదులై కొక్కెం ఊడిపోతుంది. అలాగని అడుక్కంటా అణిచేస్తే ఆయిల్ సీళ్లకి ప్రాణం మీదికొస్తుంది. సైడ్ స్టాండు మడిచెయ్యాలి. అది వేసి ఉంచి బిగిస్తే లాగుడంతా దాని మీదే పడి వంగిపోతుంది. ఓ పాతిక, ముప్పై కిలోమీటర్లు పోయాక ఆగి మళ్లీ అన్నీ బిగించాలి. బావ ఇవన్నీ చేశాడు. మేడ్చల్ దాటాక ఆగి బిగించిన ఫోటో కూడా పెట్టాడు.

నాకు అర్థం కానిదల్లా ఒక్కటే. తమరు కొండదారుల్లో కుదుపులు మింగడానికి ముందూ వెనకా 200 మిల్లీమీటర్లు ఆడే సస్పెన్షన్‌తో పుట్టారు. డబ్బు పోసి కొన్నది ఆ ఆట కోసమే. మేం ఇంకొంచెం డబ్బు పెట్టి బెల్టులు కొని అది ఆడకుండా కట్టేశాం. ట్యాంకు గీసుకుపోకుండా అక్క పాత దుప్పటి కప్పింది. హెడ్‌లైటు కింద నిమ్మకాయలు వేలాడదీసింది. మొత్తానికి ఊరేగింపుకి బయల్దేరిన ఉత్సవ విగ్రహంలా కనిపించారు తమరు. మేం బోయీలం.

నిజానికి బావ మొదటి ఆలోచన పికప్ కాదు, థార్. ఆఫీసులో ఇంకో స్నేహితుడికి ఉంది. వెనక కొక్కెం బిగించి, దానికో ఇనప పట్టాలాంటిది తగిలించి, దాని మీద తమరిని అడ్డంగా నిలబెట్టి తీసుకుపోదామన్నాడు. అమెరికాలో మా పెదనాన్న గారి అబ్బాయిని అడిగితే, అక్కడ ఇది మామూలే అన్నాడు. తర్వాత తీరిగ్గా తన జీప్ రాంగ్లర్ పుస్తకం తెరిచి చూశాడు. 3,500 పౌండ్లు లాగగలిగే ఆ నాలుగు తలుపుల బండికి కొక్కెం మీద నిలువుగా మోపగలిగే బరువు 350 పౌండ్లే. అంటే 160 కిలోలకు లోపు. అందులోంచి ఆ ఇనప పట్టా బరువు కూడా తీసెయ్యాలి. అక్కడివాళ్లు వెనక వేలాడదీసేది నూట పది కిలోల డర్ట్ బైకులని, తమరిలాంటి పుష్టి గల శరీరాలకి ట్రైలరే గతి అని తేలింది.

బరువు అంకెలోనే లేదు, ఎక్కడ పడుతోందన్న దాంట్లో ఉంది. వెనక ఇరుసుకి అంత దూరంగా బరువు వేలాడితే ముందు చక్రాలు తేలికవుతాయి. స్టీరింగు తిప్పినా బండి ఆలోచించి తిరుగుతుంది. హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్లలోకి లేస్తాయి. వెనక లైట్లూ నంబరు ప్లేటూ తమరి చాటున దాక్కుంటాయి. స్టెప్నీ వెనక తలుపుకే ఉంటుంది కాబట్టి ఆ తలుపు ఇక తెరుచుకోదు. మోటారు వాహనాల చట్టంలో 194(1ఎ) అని ఓ సెక్షనుంది. బండి మీది సరుకు పక్కలకో ముందుకో వెనక్కో అనుమతించిన హద్దు దాటి పొడుచుకొస్తే 20,000 రూపాయల జరిమానా. అది విన్నాక థార్ ఓనరుకి హఠాత్తుగా ఆ వారమంతా పెళ్లిళ్లు వచ్చిపడ్డాయి. (తెరిచిన డోరు మీద తమరి వెనక చక్రం కూర్చున్న సంగతి ఆ సెక్షను చెవిన వెయ్యకండి.)

నాకు బాగా నచ్చిన భాగం ఇంకొకటుంది. థార్ వెనక భాగం నేలకి తగలకుండా 36.8 డిగ్రీల ఏటవాలు దిగి రాగలదు, ఆ అంకె చూసే దాన్ని కొంటారు. వెనక ఆ పట్టా తగిలిస్తే అంకె గంగలో కలుస్తుంది. వికారాబాద్ దారిలో స్పీడ్ బ్రేకరు కూడా కింద తగులుతుంది. అంటే ఆఫ్‌రోడ్ బండి ఆఫ్‌రోడ్ బండిని మోస్తే ఇద్దరికీ ఆఫ్‌రోడ్ నిషిద్ధం.

తమరి తరపున కూడా చెప్పాల్సింది ఉంది, లేకపోతే బావ పండక్కి పిలవడు. మట్టిలో పట్టు కోసం చేసిన గుబ్బల టైర్లు తారు మీద వందల కిలోమీటర్లు తిరిగితే కొండ చేరేలోపే అరిగిపోతాయి. రేసు ట్రాకులకి పోయే మోటోక్రాస్ బళ్లకి లైటూ నంబరూ రెండూ ఉండవు, వాటిని మోసుకుపోవడం తప్ప దారి లేదు. వాటికి నా నమస్కారం. లద్దాఖ్ సంగతికొస్తే, మనాలిలోనో శ్రీనగర్‌లోనో అద్దెకి తీసుకున్న బైకుతో లేహ్ దాకా పోవచ్చు గానీ, అక్కడి నుంచి ఖర్దుంగ్‌లా కనుమకో పాంగాంగ్ సరస్సుకో పోతామంటే స్థానిక అద్దె బైకులవాళ్లు అడ్డుపడతారు. లేహ్‌లో తీసుకున్నదైనా కావాలి, సొంత రిజిస్ట్రేషను బండైనా కావాలి. బావ దీన్నే సుప్రీంకోర్టు తీర్పులా చదివి వినిపించాడు. లేహ్‌లో అద్దెకి దొరికేవాటిలో చాలావరకు తమరి అన్నదమ్ములే కదా అని అక్క అడిగింది. "వాటికీ మనదానికీ తేడా లేదా?" అన్నాడు. ఆ తేడా నిమ్మకాయలని నా అనుమానం.

పోనీ రైలు ఉందిగా. సికింద్రాబాద్ పార్సిల్ ఆఫీసులో దశాబ్దాలుగా జరుగుతున్న పనే. ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా తీసేస్తారు. గోనెసంచులూ అట్టలూ చుట్టి, సుతిలితో కుట్టి, పేరూ ఊరూ రాసి పంపుతారు. ఆర్సీ జిరాక్సు, గుర్తింపు కార్డు చాలు. చదువుకి పోయే పిల్లాడి పాత స్ప్లెండరు, బదిలీ అయిన జవాను బుల్లెట్టు అలాగే దేశమంతా తిరిగాయి. బావ ఒప్పుకోలేదు. "గోనెసంచిలో చుడితే స్టేటస్ ఏం పెడతాంరా?" అన్నాడు. ఆ ఒక్క మాటలో మాత్రం దాపరికం లేదు.

మా వీధి చివర టాటా ఏస్ ట్రాలీలు ఆగుతాయి. చెడిపోయిన బైకుల్ని మెకానిక్కుల దగ్గరికి చేర్చడం వాళ్లకి రోజూ ఉండే పని. ఆ డ్రైవరు ర్యాంపు వెతకడు, మట్టిదిబ్బ వెతుకుతాడు. ట్రాలీని వెనక్కి తీసుకెళ్లి దిబ్బకి ఆనిస్తాడు, బైకు తిన్నగా లోపలికి నడుస్తుంది. హ్యాండిల్‌కీ రేకుకీ మధ్య పాత టైరు ముక్క, రెండు నైలాన్ తాళ్లు, లారీ ముడి. బీడీ ఆరేలోపు పని అయిపోతుంది. తమరిని ఎక్కించిన రోజు కూడా అతను అక్కడే ఉండి మా కష్టం మొత్తం చూశాడు. ఎందుకు చెప్పలేదయ్యా అంటే, "మీరు అడగలేదు కదా సార్, షూటింగేమో అనుకున్నా" అన్నాడు.

తమరికి పుట్టుకతో వచ్చిన విద్యని నిజంగా వాడుతున్నవాళ్లు మరోచోట ఉన్నారు. పాడేరు, మారేడుమిల్లి వైపు పోయి చూడండి. టీవీఎస్ ఎక్స్‌ఎల్ మీద రెండు బస్తాలు, గ్యాస్ బండ, వెనక ఒక మనిషి, ఆ మనిషి ఒళ్లో మేకపిల్ల. దారి అంటే వానకి కోసుకుపోయిన రాళ్ల వరస. 230 మిల్లీమీటర్లని ఆ బండికి ఎవరూ చెప్పలేదు, అయినా ఎక్కుతుంది. అంబులెన్సు చేరలేని ఏజెన్సీ ఊళ్ల కోసం 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బైకు అంబులెన్సులు దింపింది. బైకు పక్కన తగిలించిన దాంట్లో రోగి పడుకుంటే లాక్కుపోయేవి. అవీ పోలేని చోట ఇప్పటికీ డోలీ కట్టి మనుషులే మోస్తారు. అక్కడ బైకు మనిషిని మోస్తే సంతోషిస్తారు. మా కొంపల్లిలో మనుషులు బైకుని మోసి సంతోషిస్తున్నారు.

మునుముందు ఏం జరుగుతుందో కూడా చెప్తాను. శ్రీనగర్‌లో తమరిని దించుతారు. మొదటి రోజు బావ ఎక్కుతాడు. జోజిలా కనుమ దగ్గర చలి మొదలవుతుంది, హీటరున్న వీ-క్రాస్ మీద ఆయనకి ప్రేమ పెరుగుతుంది. తర్వాత తమరిని నడిపేది వెంట వచ్చిన స్నేహితుడి తమ్ముడు. ఖర్దుంగ్‌లా బోర్డు కనబడగానే బావ పికప్ దిగి, హెల్మెట్ పెట్టుకుని, తమరి మీద కూర్చుంటాడు. బోర్డు మీద చాలాకాలం 18,380 అడుగులని ఉండేది, జీపీఎస్‌తో కొలిస్తే 17,582 దగ్గర తేలింది. కాబట్టి ఫోటోలో కాస్త ఎక్కువ చేసి చూపించుకునేది బావ ఒక్కడే కాదు, కొండ కూడా తోడుంటుంది.

పెద్దలకి నమస్కారాలు, పిన్నలకి ఆశీస్సులు.

ఇట్లు,
వెనక చక్రం దగ్గర నిలబడే బామ్మర్ది

తా.క.: ఎక్కించడం కన్నా దించడం కష్టం. ర్యాంపు మీద వెనక్కి దిగేటప్పుడు బరువంతా వెనక చక్రం మీద ఉంటుంది, ముందు బ్రేకు నొక్కితే ముందు చక్రం జారుతుంది. కింద నిలబడ్డవాడి కాలు వెనక బ్రేకుకి అందదు. ఇంజిను ఆపేసి, మొదటి గేరులో ఉంచి, క్లచ్‌నే బ్రేకులా కొంచెం కొంచెం వదులుతూ దించాలి. ఇది నాకు ట్రాలీ డ్రైవరు చెప్పాడు. బావకి నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. తమరు శ్రీనగర్ చేరేలోపు ఈ ఉత్తరం అందితే తమరే చెప్పుకోండి. మేస్త్రి చెక్క కూడా వాళ్లే పట్టుకుపోయారు, ఆయన రోజూ మా గేటు దగ్గరికొచ్చి నన్ను అడుగుతున్నాడు.