నమ్మకం కన్నా ముందు మాల

కార్తీకం వచ్చిందంటే చాలు, టీవీల్లో అదే చర్చ మొదలవుతుంది. ఒకాయన దేవుడు లేడని రుజువులు చూపిస్తాడు, ఇంకొకాయన ఉన్నాడని శ్లోకాలు చదువుతాడు. గంటసేపు అరుచుకుని ఎవరి నమ్మకంతో వాళ్లు ఇంటికి పోతారు. చూసేవాళ్లలో ఒక్కరైనా మారతారా? ఇరువర్గాలకూ ఒకటే పొరపాటు. మతవిశ్వాసాన్ని వాదన విని ఒప్పుకునే అభిప్రాయం అనుకుంటున్నారు. అది మనుషుల తోడుతో పుడుతుంది, రోజూ చేసే పనులతో నిలబడుతుంది. వాదన ఆఖర్న వస్తుంది, అప్పటికే కుదిరిపోయిన దానికి కారణం చెప్పడానికి.

అయ్యప్ప దీక్షనే తీసుకోండి. ఎందుకు మాల వేశావని ఏ కన్నెస్వామినైనా, అంటే తొలిసారి దీక్ష పట్టినవాణ్ని, అడిగి చూడండి. మా బావ వేశాడు, నన్నూ రమ్మన్నాడు అంటాడు. ఉద్యోగం వస్తే వేస్తానని మొక్కుకున్నా అంటాడు. తాగుడు మానతానని ఇంట్లోవాళ్లు పట్టుబట్టారు అంటాడు. పురాణాలు చదివి, ఆలోచించి వేశానన్నవాడు వందలో ఒకడు ఉంటే గొప్ప. గురుస్వామి మెడలో మాల వేసినప్పటి నుంచి మండలం పాటు, అంటే 41 రోజులు, జీవితం మొత్తం వేరు. తెల్లవారుజామున చన్నీటి స్నానం, నల్లబట్టలు, చెప్పుల్లేని కాళ్లు, నేలమీద పడక, మధ్యాహ్నం భిక్ష. మందు లేదు, మాంసం లేదు, కోపగించుకోకూడదు. కట్టుకున్న భార్య కూడా స్వామీ అనే పిలుస్తుంది. నిన్నటిదాకా ఏకవచనంతో కేకేసిన ఓనరూ స్వామీ అంటాడు. ఆటో నడిపే కుర్రాడికి అంత మర్యాద ఏడాదిలో ఇంకెప్పుడు దొరుకుతుంది?

ఇరుముడి కట్టే రోజు దగ్గర నిలబడి చూడాలి. కొబ్బరికాయ కన్ను పొడిచి నీళ్లు ఒంపేస్తారు. ఆ కన్నులోంచే నెయ్యి పోసి, బిరడా బిగిస్తారు. తల్లి, భార్య, పిల్లలు, పక్కింటివాళ్లు ఒక్కొక్కరే వచ్చి ముడిలో బియ్యం పోస్తారు. ఆ మూట నెత్తిన పెట్టుకుని శరణుఘోషతో బయల్దేరినవాడు పద్దెనిమిది మెట్లూ ఎక్కి తిరిగొచ్చాక, అయ్యప్ప ఉన్నాడా లేడా అని మనం అడిగితే ఆ ప్రశ్న అతనికి తగలదు. ఎందుకంటే ఆ ప్రశ్నతో అతను కొండకు వెళ్లలేదు. అతనికి గుర్తున్నది ఆ బియ్యం పోసిన చేతులు. మళ్లీ ఏడాది ఆ జట్టే ఫోన్ చేస్తుంది, మళ్లీ మాల పడుతుంది. భవానీ దీక్ష, హనుమాన్ దీక్ష, శివ దీక్ష అన్నీ మన దగ్గర ఇలాగే నడుస్తున్నాయి. దేవుడు మారాడు, బట్టల రంగు మారింది, పద్ధతి మాత్రం అదే. మనిషిని పట్టి ఉంచుతున్నది ఆ పద్ధతి.

ఒక్క మతం సంగతే కాదిది. 1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. కరువులో గంజి కోసం మారారని నేటికీ తేలిగ్గా తీసిపారేస్తారు. కానీ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో పని చూపించి జనాన్ని బతికించిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, కూలి కోసం చేరుతున్నారన్న మాట రాకూడదనే ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయం ముగిశాక ఇచ్చాడు. మరి అంతమంది ఎలా వచ్చారు? పన్నెండేళ్ల ముందే, 1866లో, తోళ్ల వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద క్రైస్తవుడయ్యాడు. ఆ మాట ఊరూరా బంధువుల ఇళ్లలోంచి పాకింది. తమను అంటరానివాళ్లన్న సమాజంలో తమవాడే వచ్చి పక్కన కూర్చుని చెప్పాడు. అక్కడా ముందు చుట్టరికం, గౌరవం. బైబిలు చదవడం తర్వాత.

నిజమే, ఒంటరిగా ఆలోచించి మతం వదిలినవాళ్లున్నారు, చదివి చేరినవాళ్లూ ఉన్నారు. వాళ్ల నిజాయితీని శంకించను. కానీ వాళ్లూ ఆ మార్పు మీద ఎలా నిలబడ్డారో చూస్తే మళ్లీ మనుషులే కనిపిస్తారు.

గోరానే చూడండి. దేవుడి మీద వ్యాసం రాసినందుకు 1933లో కాకినాడలో ఉద్యోగం పోగొట్టుకున్న ఆ నాస్తికుడు వాదనలతోనే సరిపెట్టి ఉంటే ఆయనతోనే ఆ కథ ముగిసేది. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. కులాలన్నీ కలిసి తినే సహపంక్తి భోజనాలు పెట్టారు. నిప్పుల మీద నడిచి అందులో మహిమ లేదని చూపించారు. పిల్లలకు లవణం, సమరం అని కులం వాసన లేని పేర్లు పెట్టారు. పెద్దకూతురికి దళిత యువకుడితో 1948లో సేవాగ్రామ్‌లో పెళ్లి చేశారు. తరాలు మారినా ఆ ఇంట్లో నాస్తికత్వం నిలిచిందంటే దానికీ ఒక పంక్తి, ఒక పెళ్లిపందిరి, ఒక కుటుంబం ఉన్నాయి కాబట్టే.

తర్వాతి హేతువాదులు ఈ సగం మర్చిపోయారు. 1995 సెప్టెంబర్ 21న వినాయకుడు పాలు తాగుతున్నాడని దేశమంతా క్యూ కట్టినప్పుడు శాస్త్రవేత్తలు తలతన్యత గురించి, అంటే చెంచాలోని పాలను రాతి విగ్రహం పైకి లాగే ద్రవాల గుణం గురించి, చక్కగా వివరించారు. వివరణ సరైనదే. అయినా మరుసటేడు చవితి పందిళ్లు ఏమైనా తగ్గాయా? పందిరి దగ్గర కుర్రాళ్లకు పని ఉంది, పేరుంది, తొమ్మిది రోజులు కలిసి తిరిగే జట్టుంది. మనం ఇచ్చింది కరపత్రం.

నన్ను అసలు బాధపెట్టేది ఇక్కడే. ఒకప్పుడు గుడి, చర్చి, మసీదు కాకుండా మనుషులు కలుసుకోవడానికి ఊళ్లో వేరే చోటు ఉండేది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టడంతో ఊపందుకున్న గ్రంథాలయోద్యమం పల్లెపల్లెకూ పఠన మందిరం తెచ్చింది. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువలో పడవ మీద పుస్తకాలు తిప్పారు. సాయంత్రం పేపరు చదివి వినిపించేవాడి చుట్టూ పదిమంది చేరేవారు. యువజన సంఘాలు, నాటక సమాజాలు, యూనియన్ ఆఫీసులు ఉండేవి. వాటిని మనమే పాడుపెట్టుకున్నాం. ఇప్పుడు పాతికేళ్ల కుర్రాడికి పేరు పెట్టి పిలిచే చోటు ఇల్లు దాటితే ప్రార్థనా స్థలం ఒక్కటే. భక్తి పెరిగిపోయిందని అతన్ని తప్పుపట్టే హక్కు మనకు లేదు.

డబ్బుల్లేవన్న మాట నేను ఒప్పుకోను. ఇంటిపన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ పన్ను ఇప్పటికీ కడుతున్నాం. చాలాచోట్ల ఆ సొమ్ము గ్రంథాలయ సంస్థలకు సరిగా చేరడం లేదన్నది ఏళ్లనాటి ఫిర్యాదు. ఆ బకాయిలు రాబట్టి, పనులు ముగించుకుని కుర్రాళ్లు వచ్చే వేళకు, అంటే రాత్రి తొమ్మిదిదాకా, ఊరి గ్రంథాలయం తెరిచి ఉంచాలి. హేతువాద సంఘాలు వచ్చే కార్తీకంలో టీవీ స్టూడియోకు వెళ్లే బదులు పంచాయతీ ఆఫీసుకు వెళ్లి ఈ పన్ను లెక్క అడగాలి.