ఇటుకలో కార్బన్ ఒక్కటే చూస్తే చాలదు

1,600 డిగ్రీల సెల్సియస్ దాటిన ఉక్కు ద్రవాన్ని పట్టి ఉంచేది పైకి కనిపించే లాడిల్ (కరిగిన ఉక్కును మోసే పెద్ద పాత్ర) తొట్టి కాదు, దాని లోపల పేర్చిన ఇటుకలు. ఉక్కు మీద తేలే కరిగిన మడ్డిని స్లాగ్ అంటారు. అది తాకే చోట ఎక్కువగా వాడేది మెగ్నీషియా (మెగ్నీషియం ఆక్సైడ్)-కార్బన్ ఇటుక. అందులో సాధారణంగా 10 శాతానికి పైనే కార్బన్ ఉంటుంది. అది ఎక్కువగా గ్రాఫైట్ రూపంలో ఉంటుంది. గ్రాఫైట్‌కు స్లాగ్ అంటుకోదు. వేడిని గబగబా పాకనిస్తుంది కనుక ఒక్కసారిగా ఉక్కు పోసినా ఇటుక అంత తేలిగ్గా పగలదు.

చిక్కు కూడా ఆ గుణంలోనే ఉంది. గోడ గుండా వేడి బయటికి పోతుంది. ఆ లోటు పూడ్చడానికి ఉక్కును ఇంకాస్త కాచాలి. ఇంకో చిక్కూ ఉంది. కార్ల బాడీ రేకులకు వాడే కొన్ని ఉక్కు రకాల్లో కార్బన్ 0.003 శాతానికి అటూ ఇటూగా ఉండాలి. వాక్యూమ్‌లో కష్టపడి కార్బన్ తీసేసిన ఉక్కుకు ఇటుకే మళ్లీ దాన్ని ఎక్కిస్తే ఏం లాభం?

అందుకే కార్బన్‌ను 5 శాతం లోపుకు దించే పరిశోధనలు సాగుతున్నాయి. ఊరికే తగ్గిస్తే స్లాగ్ లోపలికి చొరబడుతుంది, పగుళ్లు వస్తాయి. ఆ లోటు తీర్చడానికి కార్బన్ బ్లాక్, గ్రాఫీన్ లాంటి అతి సన్నని కార్బన్ పొడులు కొద్దిగా కలుపుతున్నారు. ఉన్న కార్బన్ కాలిపోకుండా అల్యూమినియం, సిలికాన్ పొడులు వేస్తున్నారు. అయితే ఇంత సన్నని పొడి ఉండలు కట్టేస్తుంది. ల్యాబ్‌లో గుప్పెడు మిశ్రమాన్ని సమంగా కలపడం వేరు, ఫ్యాక్టరీ మిక్సర్‌లో టన్నులు కలపడం వేరు.

మా పేచీ పరిశోధనతో కాదు, దాన్ని కొలిచే తీరుతో. ఒక టన్ను ఇటుకలో కార్బన్ 14 శాతం నుంచి 4 శాతానికి తగ్గిందనుకుందాం. మొత్తం కాలిపోతుందని లెక్కిస్తే సుమారు 367 కిలోల కార్బన్ డయాక్సైడ్ తగ్గినట్టే. కానీ ఆ 100 కిలోల చోటు మెగ్నీషియాతో నింపాలి. మాగ్నసైట్ ఖనిజాన్ని కాల్చి మెగ్నీషియా తీస్తే, టన్నుకు దాదాపు 1.09 టన్నుల కార్బన్ డయాక్సైడ్ ఆ రాయి నుంచే వస్తుంది. కాల్చే ఇంధనం నుంచి వచ్చేది అదనం. ఇవన్నీ కలిపి చూస్తే, కొత్త ఇటుక ఆయుష్షు ఐదో వంతు తగ్గినా ఆ లెక్కలో మిగులు పూర్తిగా ఆవిరైపోతుంది. గోడ గుండా ఆదా అయ్యే వేడి ఈ లెక్కలో లేదన్నది నిజమే. అది లాడిల్‌ను బట్టి మారుతుంది, అక్కడే కొలవాలి.

కాబట్టి తక్కువ కార్బన్ ఇటుక అని అమ్మేవారు శాతంతో పాటు అది ఎన్ని హీట్లు (ఒక్కో విడత ఉక్కు పోత) నిలిచిందో, లాడిల్ పైతొక్కు ఎంత వేడెక్కిందో, ఉక్కులోకి ఎంత కార్బన్ చేరిందో కూడా చెప్పాలి. కొనేవారు కిలో ధరను పక్కనపెట్టి, టన్ను ఉక్కుకు ఎన్ని కిలోల ఇటుక అరిగిందో అడగాలి. విప్పేసిన పాత ఇటుకలో మిగిలే మెగ్నీషియా సంగతి కూడా చూడాలి. అది తిరిగి కొత్త ఇటుకలోకి వెళ్తే మాగ్నసైట్ కాల్చే పని ఆ మేరకు తప్పుతుంది.