12 దగ్గర ఆపి చూడండి

చెన్నై దగ్గర మణలిలో ఇన్‌స్ట్రుమెంట్ పని చేయబట్టి పదిహేడేళ్లు. "పొజిషనర్ మార్చాం, ఆటో కాలిబ్రేషన్ పాసైంది, పర్మిట్ క్లోజ్ చేయండన్నా" అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పొజిషనర్ అంటే వచ్చే కరెంటు సిగ్నల్‌ను బట్టి వాల్వును ఎంత తెరవాలో అంత తెరిచే పరికరం. పర్మిట్ అంటే పనికిచ్చే అనుమతి చీటీ.

ఆటో కాలిబ్రేషన్ ఏం చేస్తుంది? వాల్వును ఆ కొస నుంచి ఈ కొసకు నడిపి, ఎక్కడ మూసుకుంటోంది, ఎక్కడ పూర్తిగా తెరుచుకుంటోంది, ఎంతసేపు పడుతోంది అని చూసుకుంటుంది. అంతే. ఆ వాల్వు ఏ లైన్లో ఉంది, వచ్చే సిగ్నల్‌లో దాని వాటా ఎంత, సిగ్నల్ పెరిగితే తెరవాలా మూయాలా, ఇవేవీ దానికి తెలియవు. మనమే చెప్పాలి.

పోయినేడు జరిగింది చెబుతా. ఒక ట్యాంకుకు నైట్రోజన్ బ్లాంకెటింగ్, అంటే లోపలి ఖాళీ చోటును నైట్రోజన్‌తో నింపి ఉంచడం. కంట్రోలర్ ఒకటి, వాల్వులు రెండు. కంట్రోలర్ పంపే సిగ్నల్ 4 నుంచి 20 మిల్లీయాంప్. 4 నుంచి 12 మిల్లీయాంప్ వరకు నైట్రోజన్ వాల్వుది. 4 దగ్గర పూర్తిగా తెరిచి ఉంటుంది, 12కి మూసుకుంటుంది. 12 నుంచి 20 వరకు, ట్యాంకులోని గ్యాసును బయటికి వదిలే వెంట్ వాల్వుది. 12 దాకా అది మూసే ఉండాలి. వెంట్ పొజిషనర్ పాడైతే కొత్తది బిగించారు. బిగించినవాడు రోజూ సూళ్లూరుపేట లోకల్లో వచ్చే కాంట్రాక్ట్ పిల్లాడు. ఇరవై రెండేళ్లుంటాయేమో. సెట్‌పాయింట్ రేంజ్, అంటే ఎక్కడి నుంచి ఎక్కడిదాకా సిగ్నల్‌కు కదలాలో చెప్పే సెట్టింగు, 12-20కి మార్చకుండా ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే 4-20లో ఉండిపోయింది.

లెక్క చూడండి. 8 మిల్లీయాంప్ వస్తే నైట్రోజన్ వాల్వు సగం తెరవాలి, వెంట్ కదలకూడదు. ఇక్కడ వెంట్ పావు వంతు తెరుచుకుంది. ఇటు పోసిన నైట్రోజన్ అటు పోతోంది, చిల్లు కుండలో నీళ్లు పోసినట్టు. ప్యానెల్లో మాత్రం ట్యాంక్ ప్రెషర్ గీత తిన్నగానే ఉంది! కంట్రోలర్ ఎలాగో సర్దుకొస్తోంది మరి. అలారం లేదు. నాలుగో రోజు నైట్ షిఫ్ట్‌లో ఫీల్డ్ ఆపరేటర్ ట్యాంక్ మెట్లెక్కుతూ సగంలో బుస్సుమనే చప్పుడు విని ఆగిపోయాడు. ఆగకపోతే? నైట్రోజన్‌కు రంగు లేదు, వాసన లేదు, ఊపిరాడక పడిపోయేదాకా మనిషికి తెలియదు.

తెల్లారేసరికి ఆ పిల్లాడి గేట్ పాస్ ఆపేశారు.

వాడికి డేటాషీట్ ఎవరిచ్చారు? స్ప్లిట్ రేంజ్ అని, అంటే ఒకే సిగ్నల్‌ను రెండు వాల్వులకు పంచారని ఎవరు చెప్పారు? ఆ రోజు షిఫ్ట్‌లో నేనూ ఉన్నాను. రేంజ్ ఎంత పెట్టావురా అని నేనూ అడగలేదు. ఆ బాధ ఇంకా పోలేదు. వాడికోసం నాలుగు టేబుళ్లు తిరిగాను. పది రోజులకు పాస్ తిరిగిచ్చారు.

రేంజ్ ఒక్కటే కాదు. వాల్వు ట్రిమ్ (ప్రవాహాన్ని అదుపు చేసే లోపలి భాగాలు) ఈక్వల్ పర్సంటేజ్ (మొదట్లో మెల్లగా, తెరిచేకొద్దీ జోరుగా ప్రవాహం పెరిగే తీరు) అయితే, పొజిషనర్‌లోనూ ఈక్వల్ పర్సంటేజ్ పెట్టేస్తారు. వంపు మీద వంపు పడి, కింద వాల్వు కదిలినట్టే ఉండదు, పైన ఒక్కసారిగా ఉరుకుతుంది. టైట్ షటాఫ్ (సిగ్నల్ సున్నా శాతం దగ్గరికి రాగానే వాల్వును గట్టిగా నొక్కి మూసే సెట్టింగు) ఆఫ్‌లో వదిలేస్తే, సిగ్నల్ సున్నా దగ్గర కాస్త అటూ ఇటూ అయినా వాల్వులోని ప్లగ్ (మూసే బిరడా) తాను కూర్చునే సీటును పూర్తిగా నొక్కదు. ఆ సన్న సందులోంచి ఆవిరి కోసుకుంటూ పోతే సీటు ఎన్నాళ్లుంటుంది? సెట్‌పాయింట్ డైరెక్షన్ తిప్పితే ఫెయిల్ యాక్షన్ కూడా తిరుగుతుందనుకునే ఇంజనీర్లున్నారు. ఫెయిల్ యాక్షన్ అంటే వాల్వును నడిపే గాలి పోయినప్పుడు అది ఎటు పోవాలన్నది; దాన్ని తేల్చేది వాల్వును కదిపే యాక్చుయేటర్‌లోని స్ప్రింగు. మెనూలో ఏం మార్చినా స్ప్రింగు మారదు.

దయచేసి పాత పొజిషనర్ విప్పేముందే, అందులో ప్రాణం ఉంటే, సెట్టింగులన్నీ రాసుకోండి. స్ప్లిట్ డీసీఎస్‌లో (ప్లాంటును నడిపే కంట్రోల్ రూమ్ కంప్యూటర్ వ్యవస్థలో) చేశారా, పొజిషనర్‌లో చేశారా అని ప్యానెల్ వాళ్లను అడగండి. డీసీఎస్‌లోనే చేసుంటే పొజిషనర్‌కు 4-20నే సరి. 4, 20 ఇచ్చి చూసి వచ్చేయొద్దు. మా వెంట్ వాల్వు ఆ రెండు చోట్లా సరిగ్గానే ఉంది, 4కి మూసుకుంది, 20కి తెరుచుకుంది. 12 ఇచ్చి ఉంటే అక్కడే దొరికేది. మూసి ఉండాల్సింది సగం తెరిచి కనబడేది.

పోయిన వారం అదే పిల్లాడు ఇంకో ట్యాంక్ మీద నుంచి రేడియోలో పిలిచాడు. "అన్నా, 12 ఇచ్చా. మూసే ఉంది. 13 ఇవ్వమంటావా?"

ఇవ్వమన్నాను. కదిలింది.