ఇరవై సైకిళ్లు, ఒక్క రైతు

ఇరవై మంది కలిసి సైకిళ్ల మీద చిన్న రైతుల పొలాలు చూడటానికి బయల్దేరుతున్నారంటే వినడానికి ఎంతో బాగుంటుంది. పెట్రోలు ఖర్చుండదు, పొగ ఉండదు, తినే తిండి ఎక్కడ పండుతుందో కళ్లారా చూడొచ్చు. అలాంటి యాత్రల్లో నేనూ రెండుసార్లు తొక్కాను. మంచి ఆలోచనే. కాకపోతే ప్లానింగ్ అంతా తొక్కేవాళ్ల వైపు నుంచే సాగుతుంది. రోజుకు ఎన్ని కిలోమీటర్లు, రాత్రి మకాం ఎక్కడ, ఎక్కాల్సిన గుట్టలెన్ని, వాన పడితే ఎలా? పొలం దగ్గరున్న మనిషికి ఆ పూట ఏం పనుందన్న ప్రశ్న చివర్లో వస్తుంది, అదీ ఎవరికైనా గుర్తొస్తే.

మొదటి యాత్రలో ఒక పాడి రైతు దగ్గరికి మధ్యాహ్నం రెండింటికి వస్తామని చెప్పి, నాలుగున్నరకు చేరాం. పెద్ద కారణమేమీ లేదు. ఇరవై మంది అంటే నలభై టైర్లు. ఆ రోజు మూడు పంక్చర్లు పడ్డాయి, ఒక చైన్ తెగింది. ఒంటరిగా వెళ్లేవాడికి పంక్చర్ అంటే ఇరవై నిమిషాల పని. గుంపులో ఒక్క చక్రం ఆగితే అందరూ ఆగాలి, మళ్లీ కదిలేలోపు ఒకరు నీళ్లకని, ఒకరు ఫోటోకని, ఇంకొకరు పొదల చాటుకని వెళతారు. మేం చేరేసరికి పాకలో ఆవులు అరుస్తున్నాయి. పాలు పితికే వేళ దాటిపోతోంది. ఆ వేళ తప్పితే పొదుగు బిగిసి పశువు నిలకడగా నిలబడదు. పొలం చూసుకునే ఆవిడ మా ప్రశ్నలన్నిటికీ ఓపిగ్గానే జవాబిచ్చారు. చేతిలో బకెట్ మాత్రం ఒక్కసారి కూడా కింద పెట్టలేదు. మాలో ఒకాయన, 'ప్రకృతి ఒడిలో బతకడం ఎలా ఉంటుందండీ?' అని అడిగారు. ఆవిడ పాక వైపు చూసి, 'పాలు తీశాక చెబుతానండి' అన్నారు. ఆవిడ పాలు తీసి వచ్చేసరికి మేం వెళ్లిపోయాం. చీకటి పడేలోపు మకాం చేరాలి కదా!

ప్రపంచంలోని 60 కోట్లకు పైగా కమతాల్లో 84 శాతం రెండు హెక్టార్ల లోపువేనని, అంటే దాదాపు ఐదెకరాలకు మించనివేనని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) ఆర్థికవేత్తలు 2021లో ప్రచురించిన అంచనా చెబుతోంది. సాగుభూమిలో వీటి వాటా 12 శాతమే. ప్రపంచ ఆహారంలో మాత్రం సుమారు 35 శాతం వీటి నుంచే వస్తోందట. ఇలాంటి యాత్రల ప్రచారానికి ఈ లెక్క భలే పనికొస్తుంది. అయితే ఆ దిగుబడి వెనక ఉన్న చేతుల సంఖ్య కూడా చూడాలి. చిన్న పొలంలో యజమానే కూలీ, డ్రైవర్, లెక్కలు రాసే గుమస్తా. పెద్ద ఎస్టేట్ అయితే వచ్చినవాళ్లకు చూపించడానికి ఒక మనిషిని పెట్టుకుంటుంది. చిన్న రైతు రెండు గంటలు మనతో గడిపితే ఆ రెండు గంటల పని రాత్రికి జరుగుతుంది, లేదా మరుసటి రోజుకు పోతుంది.

సైకిల్ మీద వెళ్లడంలో నిజమైన లాభం పొలంలో కంటే దారిలోనే ఎక్కువ. మార్కెట్టు 30 కిలోమీటర్లని రైతు అంటే కారులో వచ్చినవాడికి అదో అరగంట. సామాను కట్టుకున్న సైకిల్ మీద ఆ దూరం వచ్చినవాడికి రెండు గంటలు పట్టి ఉంటుంది. ఎండలో ఆకుకూర అంత దూరం వెళ్లేసరికి ఏమవుతుందో వాడికి విడమరిచి చెప్పక్కర్లేదు. నేల ఎటు వాలుగా ఉందో, వాన నీరు ఎవరి పొలంలోకి దిగుతుందో కాళ్లకే తెలిసిపోతుంది. ఇంత మంచి లాభాన్నీ గుంపు మింగేస్తుంది. ఎదురుగాలి రోజున ఒకరి వెనక ఒకరు వరుస కడతారు. ముందువాళ్ల చాటున శ్రమ బాగా తగ్గుతుంది కదా. అప్పుడు చూపంతా ముందువాడి వెనక చక్రం మీదే. నలభై కిలోమీటర్ల పచ్చటి నేల దాటి వచ్చాక నాకు గుర్తున్నది ఒక ఎర్ర మడ్‌గార్డు!

1976లో అమెరికాలో బైక్‌సెంటెన్నియల్ పేరుతో ఓ పెద్ద సైకిల్ యాత్ర జరిగింది. ఒరెగాన్ తీరం నుంచి వర్జీనియా దాకా దాదాపు 6,800 కిలోమీటర్ల దారి, ఎక్కువగా పల్లె రోడ్లే. 4,000 మందికి పైగా పాల్గొన్నారు. అందరూ ఒకే రోజు ఒకే చోటు నుంచి బయల్దేరాలన్నది మొదటి ఊహ. దారిలోని చిన్న ఊళ్లు అంత జనాన్ని ఎలా తట్టుకుంటాయి? చివరికి చిన్న బృందాలుగా విడగొట్టి వేసవి పొడవునా పంపారు. ఆ దారిలో ఇప్పటికీ సైకిళ్లు తిరుగుతున్నాయి. చిన్న ఊరికే అంత జాగ్రత్త కావాల్సి వస్తే, ఒకరిద్దరు నడిపే పొలానికి ఇంకెంత కావాలి? నన్నడిగితే ఆరుగురు చాలు, ఎనిమిది మందికి మించొద్దు.

మట్టి సంగతి ఎవరూ పట్టించుకోరు. అరటికి వచ్చే పనామా తెగులులో టీఆర్4 అనే రకం బూజు నేలలో దశాబ్దాల పాటు బతుకుతుంది. బూట్లకూ టైర్లకూ అంటిన మట్టితో కూడా కొత్త తోటకు చేరుతుంది. 2001లో బ్రిటన్‌లో గాలికుంటు వ్యాధి వచ్చినప్పుడు 60 లక్షలకు పైగా పశువులను చంపాల్సి వచ్చింది, పల్లెల్లో కాలిబాటలు కూడా మూసేశారు. వరసగా ఐదు రోజులు ఐదు పొలాలు తిరిగే గుంపు కంటే రోగానికి మంచి వాహనం దొరకదు. సైకిల్ బూట్ల అడుగున, పెడల్‌కు పట్టుకుని ఉండే క్లీట్ అనే ముక్క చుట్టూ సన్నని సందు ఉంటుంది. అందులో ఇరుక్కున్న మట్టి వేలితో రాదు, పుల్లతో గీకాలి. అది పోకుండా మందు నీళ్లలో ఎంత ముంచినా ఫలితం తక్కువే. గేటు దగ్గర ఒక బ్రష్షు, ఒక తొట్టి, పది నిమిషాలు కేటాయించడానికి ఏ యాత్రకైనా కష్టమేంటి?

ఇక డబ్బు. పొలంలో కాసేపు పని చేసి రుణం తీర్చుకుంటామని కొందరంటారు. 1971లో ఇంగ్లండ్‌లో మొదలైన వూఫ్ లాంటి ఏర్పాట్లలో పనికి బదులు తిండీ, పడకా ఇస్తారు. ఆ లెక్క కుదురుతుంది, ఎందుకంటే అక్కడ మనిషి కొన్నాళ్లు ఉండి పని నేర్చుకుంటాడు. గంటసేపు ఉండేవాడికి కలుపు మొక్కేదో, పైరేదో చూపించేసరికే ఆ గంట అయిపోతుంది. రైతు దగ్గర కొంటాం కదా అనే మాటా అంతంతమాత్రమే. సైకిల్ మీద గుమ్మడికాయ ఎక్కడ కట్టుకుంటాడు? ఒక తేనె సీసా కొని, ఫోటో తీసుకుని వెళ్లిపోతారు.

అసలు కొనుగోలు శక్తి యాత్ర వంటగదిలో ఉంది. రోజంతా తొక్కినవాళ్ల ఆకలి మామూలు ఆకలి కాదు, ఇద్దరి తిండి ఒక్కరే లాగిస్తారు. ఆ కూరగాయలూ పాలూ గుడ్లూ దారిలోని పొలాల్లోనే, ముందే మాట్లాడుకున్న ధరకు కొంటే రైతుకు సందర్శన ఒక ఆర్డర్ అవుతుంది. పొలం చూపించిన సమయానికి రుసుము వేరుగా ఇవ్వాలి. డబ్బు మాటెత్తితే ఆత్మీయత చెడిపోతుందని ఒక నిర్వాహకుడు నాతో వాదించారు. అదే యాత్రలో బస చేసిన చోటికీ, సామాను మోసిన వ్యానుకీ, టీషర్టుల ప్రింటింగుకీ డబ్బు కట్టారు. ఆత్మీయత ఒక్క రైతు దగ్గరే గుర్తొచ్చింది.

రెండో యాత్రలో మేం ఆరుగురమే. రోజుకు ఒక్క పొలం. ఎప్పుడు రమ్మంటారో రైతునే అడిగాం. ఒకాయన తెల్లవారుజామున ఐదున్నరకు రమ్మన్నారు, తిట్టుకుంటూనే వెళ్లాం. డ్రిప్ ఫిల్టర్ మూత విప్పి, లోపలి జల్లెడ తీసి, పాత టూత్‌బ్రష్షుతో పాచి రుద్దుతూ మాట్లాడారాయన. చేతులు ఆగలేదు, మాటా ఆగలేదు. మాలో ఒకావిడ ఆ జల్లెడ చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూసి, ఎన్నాళ్లకోసారి మూసుకుపోతుందని అడిగారు.

'నీళ్లు నిండుగా ఉంటే వారానికోసారి. బావి అడుగంటితే రోజూ ఇదే పని' అన్నారాయన, బ్రష్షు ఆవిడకిచ్చి రెండో ఫిల్టర్ మూత విప్పుతూ.