మేనల్లుడు కేసు గెలిచి ఉంటే

లండన్‌లో స్మిత్‌ఫీల్డ్ మార్కెట్‌కు దగ్గర్లో చార్టర్‌హౌస్ అనే పాత రాతి కట్టడం ఉంది. వెనకాముందూ ఎవరూ లేని, చేతిలో పెద్దగా డబ్బు మిగలని వృద్ధులకు నాలుగు వందల ఏళ్లకు పైగా అక్కడ గది, భోజనం దొరుకుతున్నాయి. ఒకప్పుడు రాత్రిపూట అక్కడ గంట కొట్టేవాళ్లు. ఎంతమంది ఉంటే అన్ని దెబ్బలు. ఎనభైకి బదులు డెబ్బై తొమ్మిది దగ్గర ఆగిందంటే, ఒకరు పోయారన్నమాట.

ఇంతకాలం ఎలా నడిచింది? దాతది మంచి మనసు అనేసి ఊరుకోవచ్చు. నాకు ఆ జవాబు చాలదు.

దాత పేరు థామస్ సటన్. డర్హమ్ ప్రాంతంలో బొగ్గు భూములు లీజుకు తీసుకుని, వడ్డీ వ్యాపారం కూడా చేసి, ప్రభువుల వంశాల బయట ఇంగ్లండులో అంతటి ధనికుడు లేడనిపించుకున్నాడు. 1611లో ఈ భవనాన్ని 13,000 పౌండ్లకు కొన్నాడు. అంతకుముందు అది మఠం. ఎనిమిదో హెన్రీ మఠాలు మూయించాక ప్రభువుల మేడ. 80 మంది వృద్ధులకు ఆశ్రయం, 40 మంది పేద పిల్లలకు బడి అన్నది సటన్ ఆలోచన. రాజుగారి అనుమతి వచ్చింది గానీ, ఆ డిసెంబరులోనే ఆయన కన్నుమూశాడు.

తర్వాతి కథ మన ఇళ్లలోనూ చూసిందే. ఆస్తి నాదంటూ మేనల్లుడు సైమన్ బాక్స్‌టర్ కోర్టుకెక్కాడు. అతని తరఫున వాదించింది సాక్షాత్తూ తత్వవేత్తగా పేరుమోసిన న్యాయవాది ఫ్రాన్సిస్ బేకన్. ఇంకా మొదలే కాని ఆశ్రమం పేరిట ఆస్తి ఎలా ఉంటుందన్నది ఒక వాదన. జడ్జీలు ఒప్పుకోలేదు. సంస్థకు ఆత్మ ఉండదు కాబట్టి అది రాజద్రోహం చేయలేదు, దాన్ని మతం నుంచి వెలివేయడమూ కుదరదు అని అప్పటి ప్రముఖ న్యాయమూర్తి ఎడ్వర్డ్ కోక్ రాసిన మాట ఈ కేసులోదే. లా చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లోనే స్కాట్లండ్ సరిహద్దు దగ్గరి బెరిక్ ఊళ్లో వంతెన కోసమంటూ జేమ్స్ రాజుకు సటన్ సొమ్ములోంచి 10,000 పౌండ్లు ముట్టాయి. దాన్ని ఏమంటారో మీ ఇష్టం.

సటన్ దయ సటన్‌తోనే పోయింది. మిగిలినవి భూములు, వాటి మీద హక్కును గట్టిగా రాసిన పత్రం. మన దగ్గరా సత్రాలు కట్టించి, వాటి ఖర్చుకు మాన్యాలు రాసిచ్చిన దాతలు బోలెడుమంది. చాలాచోట్ల సత్రం పేరు వీధికి మిగిలింది, భూమి మాత్రం ఎవరి సాగులో ఉందో రికార్డులు తిరగేస్తే గానీ తేలదు.

అయితే పత్రం ఒక్కటే కాపాడిందనీ అనలేం. పేద పిల్లల బడి 1872లో లండన్ బయట గోడాల్మింగ్ అనే ఊరికి మారింది. ఇవాళ అది బ్రిటన్‌లోని ఖరీదైన బోర్డింగ్ స్కూళ్లలో ఒకటి. దాత అదే, సొమ్మూ అదే. బడి పైవర్గాలకు పనికొచ్చింది, అటు వెళ్లిపోయింది. ముసలివాళ్ల గదుల మీద ఎవరికీ ఆశ లేదు కాబట్టే అవి ముసలివాళ్లకే మిగిలాయని నా అనుమానం.

అక్కడా సంఖ్య తగ్గింది. ఇప్పుడున్నది నలభై పైచిలుకు మంది. వాళ్లను మొదటి నుంచీ ‘బ్రదర్స్’ అంటారు. ఆడవాళ్లకు చోటిచ్చింది మాత్రం ఈమధ్యే, నాలుగు వందల ఏళ్లు దాటాక. వాళ్లనూ ‘బ్రదర్’ అనే అంటున్నారు.