బిగుసుకుని కూర్చున్న ఫోర్కు గారికి విన్నపం

ముందు చక్రాన్ని పట్టుకుని గతుకులకు కుంగి లేచే మహారాజశ్రీ మౌంటెన్ బైకు ముందు ఫోర్కు గారి దివ్య సముఖమునకు నమస్కరించి విన్నవించుకొనునది ఏమనగా,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనే అనుకున్నాను గానీ, రెండేళ్ల తర్వాత దుప్పటి తీసి, హ్యాండిల్‌బారు మీద నా బరువంతా వేసి నొక్కినా తమరు తల కూడా ఊపకపోవడం చూశాక, తమరి కుశలం గురించి అబద్ధం రాయడానికి చేయి రాలేదు. 120 మిల్లీమీటర్లు కుంగుతానని మాట ఇచ్చి కొలువులో చేరిన తమరు, మూడోసారి నొక్కితే కిర్రుమని వేలెడు దిగి అక్కడే ఆగిపోయారు. తిరిగి లేవడానికి మరికాసేపు ఆలోచించుకున్నారు. 1989లో బజారుకొచ్చిన తమరి పూర్వీకులు, రాక్‌షాక్స్ కంపెనీ ఫోర్కు ఆర్ఎస్-1 గారు మొత్తం మీద రెండు అంగుళాలైనా కుంగేవారు కారు. ఇవాళ్టి తమరి వాటం చూస్తే ఆయనే నయమనిపించింది.

నిజం చెప్పాలంటే మొదటి పూట తమరిని తిట్టిన తిట్లన్నీ నాకే చెందుతాయి. తమరి కుడి కాలి నెత్తిన ఉండే, తమరు కుంగకుండా బిగించే లాకౌట్ మీటను ఎప్పుడో ఎక్కుడు దారిలో బిగించినవాడినీ నేనే, విప్పడం మరచినవాడినీ నేనే. మీట విప్పగానే తమరు కరిగిపోతారని ఆశపడ్డాను. తమరు ఇంకో వేలెడు మాత్రం దయచేశారు.

తమరి సర్వీసు లెక్క గురించి నాకో ఫిర్యాదు ఉంది. కింది కాళ్లు విప్పి నూనె మార్చడానికి మాన్యువళ్లు సవారీ గంటల్లో గడువు పెడతాయి, కొన్ని 50 గంటలకే రమ్మంటాయి. ఈ రెండేళ్లలో నేను తొక్కింది అరగంటకు మించదు కనుక, న్యాయంగా చూస్తే తమరే నాకు ఇంకా 49½ గంటల మెత్తదనం బాకీ. కానీ తమరి వాదన వేరు. తొక్కినంత కాలం కాళ్ల అడుగున ఉన్న కాస్త నూనె ఎగసిపడి గొట్టాలు జారే బుషింగులనూ, సీళ్ల కింద ఉండే ఫోమ్ రింగులనూ తడుపుతుంది. నిలబెట్టేస్తే అది అడుగుకు చేరి కూర్చుంటుంది, రింగులు ఎండిపోతాయి, దుమ్మును ఆపే వైపర్ సీలు రబ్బరు, కింది కాళ్లలోకి జారే స్టాంషన్ గొట్టాన్ని కరచుకుంటుంది, ఆ పట్టు వదిలించడానికే మొదటి తోపంతా సరిపోతుంది. అంటే పని చేయిస్తే 50 గంటలకొకసారి సేవ, చేయించకపోతే ఊరికే కూర్చున్నందుకు సేవ! ఇంత లాభసాటి ఉద్యోగం నాకు ఈ జన్మలో దొరకలేదు.

ఆ తర్వాత నేను చేసిన పాపం కూడా ఒప్పుకుంటాను. తుప్పు వదిలించే స్ప్రేను తమరి స్టాంషన్ల మీద ధారాళంగా కొట్టాను. పది నిమిషాలు తమరు పెళ్లికొడుకులా నిగనిగలాడారు. అయితే సీలు అంచున మిగిలిన గ్రీజును ఆ స్ప్రే కరిగించి, పైన పేరుకున్న దుమ్మును లోపలికి సాగనంపిందని తర్వాత తెలిసింది. మంత్రాలకు చింతకాయలు రాలనట్టే, డబ్బా ఊపినంత మాత్రాన ఫోర్కులు కుంగవు. దాని బదులు బైకును ఓ రాత్రంతా తలకిందులుగా నిలబెట్టి శీర్షాసనం వేయించినప్పుడు, అడుగున మిగిలిన నూనె ఫోమ్ రింగుల దాకా పాకి, తెల్లారేసరికి తమరి బింకం కొద్దిగా సడలింది. రెండేళ్ల పాత నూనెతో అంతకన్నా ఆశించడం అత్యాశే.

కనుక విప్పక తప్పలేదు. ముందు తమరి లోపల స్ప్రింగులా పనిచేసే గాలి మొత్తం తీసేసి, అడుగు బోల్టులను పూర్తిగా ఊడదీయకుండా నాలుగు చుట్లు వదులు చేసి, వాటి మీద రబ్బరు సుత్తితో తట్టాను. లోపలి కడ్డీ పట్టు విడిచిన ఆ మెత్తని చప్పుడు, నిజంగా, ఈ మొత్తం వ్యవహారంలో తమరు నాతో మర్యాదగా పలికిన మొదటి మాట. ఎడమ కాలి నుంచి అర చెంచా నూనె జారింది, కాటుక కలిపినట్టు నల్లగా. కుడి కాలు ఆ పాటి కూడా రాల్చలేదు. ఫోమ్ రింగును వేళ్లతో పిండితే చుక్క రాలేదు సరికదా, అంచు పొడిపొడిగా ఊడి వేలికి అంటుకుంది.

ఇక మర్యాదలన్నీ తమరికి జరిగాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో స్నానం, నూలు పోగు వదలని గుడ్డతో తుడుపు, కొత్త సీళ్లు, నూనెలో నానబెట్టిన కొత్త రింగులు, సీలు పెదవికి పలచగా సస్పెన్షన్ గ్రీజు. ఒక్కో కాలికి మాన్యువల్ చెప్పిన 10 మిల్లీలీటర్ల నూనె, అంటే రెండు టీ చెంచాలు, సిరంజితో పోశాను. ఇంత రాద్ధాంతం రెండేసి చెంచాల నూనె కోసమా అని అప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కుంగి లేచే వేగాన్ని అదుపు చేసే డ్యాంపర్ జోలికి మాత్రం పోలేదు. దానికి వేరే గడువుంది, వేరే నూనె ఉంది, పైగా నా ధైర్యానికీ ఒక హద్దుంది.

షాక్ పంపుతో గాలి నింపేటప్పుడు ఒకేసారి ఎక్కించకుండా మధ్యమధ్య తమరిని నొక్కుతూ వచ్చాను, ఎందుకంటే లోపలి కింది గాలి గదికి వాటా అందకపోతే తమరు మళ్లీ అలిగి పైనే బిగుసుకుంటారు. చివరికి నేను ఎక్కి నిలబడితే, ఎంత కుంగారో చూపే స్టాంషన్ మీది ఓ-రింగ్ 24 మిల్లీమీటర్ల దగ్గర ఆగింది. 120కి సరిగ్గా 20 శాతం. కిర్రు లేదు, ఆలోచన లేదు, వేలితో నొక్కితే దిగుతున్నారు.

ఒక్క సంగతి మాత్రం మనవి చేయాలి. అడుగు బోల్టుల దగ్గర నూనె కారకుండా వేయాల్సిన కొత్త వాషర్లు రెండు తెచ్చాను, పాతవి రెండు తీశాను. బల్ల మీద ఇప్పుడు మూడు ఉన్నాయి. తమరి కుడి పాదం కింద ఒక తెల్ల కాగితం పరిచి దీపం ఆర్పుతున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
హ్యాండిల్‌బారు పైవాడు